గేట్ నంబర్ 2: ఆడవాళ్ల క్యూ ఎందుకు కదల్లేదు

హైదరాబాద్ శివార్లలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక ఖాళీ మైదానంలో జరిగిన మ్యూజిక్ ఫెస్టివల్‌లో నేను గేట్ నంబర్ 2 దగ్గర లేడీ గార్డుల ఇన్‌చార్జిని. సాయంత్రం 7:10 నుంచి 7:30 వరకు ఆ గేటు దగ్గర జరిగింది పేపర్లో రాలేదు. ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి రాలేదు. ఆ ఇరవై నిమిషాల గురించే ఇదంతా. నిర్వాహకుల పేరు, మా ఏజెన్సీ పేరు ఇందులో ఉండవు. తప్పుల్లో నా వాటా కూడా ఉంది, దాన్ని దాచను.

ముందు గేటు ఎలా ఉండేదో చెప్పాలి. పార్కింగ్ నుంచి మట్టి రోడ్డు మీద ఓ రెండు వందల అడుగులు నడిస్తే ఇనుప బారికేడ్లతో కట్టిన ఎనిమిది లైన్లు వస్తాయి. లైను చివర టికెట్ స్కానర్ పట్టుకున్న కుర్రాడు. అతన్ని దాటితే మెటల్ డిటెక్టర్ ద్వారం, తర్వాత తడిమి చూసే గార్డు, పక్కనే బ్యాగులు విప్పి చూసే టేబుల్. ఎనిమిదిలో ఆరు లైన్లు మగవాళ్లవి, రెండు ఆడవాళ్లవి. ఆడవాళ్ల లైన్లకు ఇంకొకటి అదనం: టెంట్ హౌస్ వాళ్లు నాలుగు కర్రలు పాతి గుడ్డ కట్టిన చాటు. అందులోంచి ఒకరు బయటికొస్తే గానీ ఇంకొకరు లోపలికి పోలేరు.

షో ముందు రోజు ట్రయల్ వేసినప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. మగవాళ్లకు మనిషికి పది సెకన్లు. పర్సు, ఫోన్, బండి తాళం, అయిపోయింది. ఆడవాళ్లకు హ్యాండ్‌బ్యాగ్‌తో కలిపి పాతిక సెకన్లు. అంటే లైనుకు గంటకు 144 మంది, రెండు లైన్లకు 288. మా గేటుకు అయిదు వేల మంది వస్తారని నిర్వాహకుల అంచనా. అందులో అయిదింట రెండు వంతులు ఆడవాళ్లనుకుంటే రెండు వేల మంది. నాలుగింటికి గేటు తెరిచి, ఎనిమిదింటికి మెయిన్ ఆర్టిస్ట్ స్టేజి ఎక్కేలోపు, నీళ్లు తాగడానికి కూడా ఆగకుండా పని చేస్తే లోపలికి పంపగలిగేది 1152 మందిని. మిగతా 848 మంది బయటే. అది కూడా అందరూ నాలుగింటి నుంచి సమానంగా వస్తేనే. మ్యూజిక్ షోకి నాలుగింటికి ఎవరొస్తారు? సగం మంది ఆరున్నర తర్వాతే దిగుతారు.

ఈ లెక్క ఆ రాత్రే నా నోట్‌బుక్‌లో వేసుకున్నాను. పొద్దున బ్రీఫింగ్‌లో చెప్పాను కూడా. ఎలా చెప్పానంటే, "లేడీస్ లైన్లు సరిపోవేమో సార్" అన్నాను. "చూద్దాంలే అమ్మా" అన్నారు. 848 అనే అంకె నా నోట రాలేదు. అంకె చెప్తే పక్కనున్న ఎవరో ఒకరు లెక్క సరిచూసేవాళ్లు. 'సరిపోవేమో' అంటే 'చూద్దాంలే' అనే వస్తుంది.

రెండే లైన్లు ఎందుకు పెట్టారన్నది వేరే కథ, అది షోకి చాలా ముందే, కొటేషన్ దగ్గర మొదలైంది. ఏజెన్సీ మొదట 24 మంది లేడీ గార్డులని రాసింది. బేరాల్లో అది 14 అయింది. షో రోజు వచ్చింది 11 మంది. లేడీ గార్డుల దగ్గరే కోత ఎందుకు పడుతుందంటే, అర్ధరాత్రి దాటాక వాళ్లను ఇళ్ల దగ్గర దింపడానికి బండి పెట్టాలి. ఆ ఖర్చు కాగితం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా సభలకు, మ్యాచ్‌లకు పని చేసి వచ్చినవాళ్ల తలలో పాత లెక్క ఒకటుంది, ఆడవాళ్లు తక్కువ వస్తారని. మ్యూజిక్ షోలకు ఆ లెక్క ఎప్పుడో చెల్లిపోయింది. హాస్టల్ అమ్మాయిలు పదేసి మంది గుంపుగా వస్తారు, ఆఫీసు బ్యాచ్‌లు వస్తాయి, పెళ్లైన కొత్త జంటలు వస్తారు.

ఆ పదకొండు మందిలో గేట్ 2కి నలుగురు, గేట్ 3కి నలుగురు, వీఐపీ గేటుకు ఒకరు, లేడీస్ టాయిలెట్ల దగ్గర ఇద్దరు. నా నలుగురిలో ఇద్దరు మాల్‌లో పని చేసినవాళ్లు, ఒకామె హాస్పిటల్ డ్యూటీ నుంచి డబుల్ కొట్టడానికి వచ్చింది, ఒకమ్మాయి వరంగల్ వైపు నుంచి, తొలి ఈవెంట్. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ ఉండాలి. ఆ వరంగల్ అమ్మాయికి యూనిఫాం ఇచ్చింది షో ముందు రోజు మధ్యాహ్నం.

ఆ అమ్మాయినే ఒకసారి దగ్గరగా చూపిస్తాను. 5:40 ప్రాంతంలో నన్ను పిలిచింది. "అక్కా, ఇందులో సూది ఉంది." ముప్పై ఏళ్ల ఆవిడ హ్యాండ్‌బ్యాగ్, లోపల చిన్న జిప్ పౌచ్, అందులో పెన్నులాంటిది. మా అమ్మాయి దాన్ని అప్పటికే రిజెక్ట్ టబ్బులో వేసింది. ఆ టబ్బు నిండా పర్ఫ్యూమ్‌లు, పవర్ బ్యాంకులు, స్టీలు నీళ్ల సీసాలు, రెండు గొడుగులు. క్లోక్‌రూమ్ లేదు, వేసింది తిరిగి రాదని అందరికీ తెలుసు. ఆవిడ గొంతు పెంచలేదు. "ఇన్సులిన్ అండీ. తినే ముందు వేసుకోవాలి" అంది. ఆ తగ్గిన గొంతు ఎందుకో నాకు అర్థమైంది. వెనక నలభై మంది వింటున్నారు. పెన్ను తీసి, తుడిచి, ఆవిడ చేతికిచ్చి, పక్కనున్న బిస్కెట్ ప్యాకెట్ కూడా ఇచ్చేశాను. బయటి తిండి లోపలికి తీసుకురాకూడదని రూలు. షుగర్ ఉన్న మనిషి దగ్గర బిస్కెట్లు లాక్కునే రూలు నేనైతే పాటించను. మొత్తం మూడు నిమిషాలు పట్టింది. మూడు నిమిషాలంటే లైన్లో ఏడుగురు. బ్రీఫింగ్‌లో పొద్దునే "మందులు, ఇన్సులిన్, ఇన్‌హేలర్, పాలసీసా టబ్బులో వేయొద్దు" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ ఏడుగురూ ఆగేవాళ్లు కాదు. చెప్పాల్సింది నేనే.

ఆరున్నరకు అసలు చిక్కు బయటపడింది. ఇది నేను ఏ ట్రైనింగ్‌లోనూ వినలేదు.

ఇద్దరో నలుగురో కలిసి టికెట్లు కొంటే అన్నీ ఒకే ఫోన్‌లో ఉంటాయి. ఆ ఫోన్ ఎక్కువగా మగవాడి జేబులో ఉంటుంది. జంట గేటు దగ్గర విడిపోతుంది, ఆయన ఎడమ లైన్లోకి, ఆమె కుడి లైన్లోకి. ఆయన పది నిమిషాల్లో స్కాన్ చేయించుకుని లోపల ఉంటాడు. ఆమె ముప్పావు గంట తర్వాత స్కానర్ దగ్గరికొస్తుంది. "టికెట్ ఏదమ్మా?" "మా ఆయన ఫోన్ల ఉంది, ఆయన లోపలికి పోయిండు." ఫోన్ చేద్దామంటే అంత జనంలో సిగ్నల్ అందదు. ఆమెను పక్కకు తప్పించాలంటే చోటు లేదు, వెనక్కి పంపాలంటే జనం. లైను అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇక ఆయన ఏం చేస్తాడు? గేటు దాటి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి నిలబడతాడు. తనవాళ్లు వచ్చేదాకా కదలడు. ఎవరైనా అంతే చేస్తారు. ఏడింటికల్లా గేటు లోపల మూడు నాలుగు వందల మంది మగవాళ్లు మా వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నారు. సీసా మెడలో బిరడా బిగించినట్టు. దాంతో అంతవరకు బాగా నడిచిన మగవాళ్ల లైన్లు కూడా నెమ్మదించాయి, ఎందుకంటే స్కాన్ అయినవాడికి అడుగు వేయడానికి చోటు లేదు. బయట తోకేమో మట్టి రోడ్డు దాటి పార్కింగ్‌లోకి పాకింది.

7:10కి స్టేజి మీద బేస్ కొట్టారు. మధ్య బ్యాండ్ కోసం సౌండ్ సరిచూసుకుంటున్నారంతే. మైదానంలో ఉన్నవాళ్లు ఊరికే అరిచారు. గోడ అవతల క్యూలో ఉన్నవాళ్లకు అది ఎలా వినిపిస్తుంది? షో మొదలైపోయిందని. 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో ద హూ బ్యాండ్ షోకి తలుపుల దగ్గర 11 మంది చనిపోయారు. తెరిచిన తలుపులు తక్కువ, లోపలి నుంచి వచ్చిన శబ్దం విని బయటివాళ్లు షో మొదలైందనుకుని ముందుకు తోశారు. ఆ ఘటన గురించి నేను ఈ ఉద్యోగంలోకి వచ్చిన కొత్తలోనే విన్నాను. విన్నాను గానీ, సౌండ్‌చెక్ ఎన్నింటికని స్టేజి మేనేజర్‌ను అడిగి రాసుకోవాలన్న ఆలోచన మాత్రం ఆ రోజు రాలేదు.

మనవాళ్లు 'తొక్కిసలాట' అంటారు. ఆ మాట వింటే జనం పరుగెత్తడం, కిందపడ్డవాళ్లను తొక్కుకుంటూ పోవడం కళ్ల ముందు మెదులుతుంది. గేటు దగ్గర జరిగేది చాలాసార్లు అలా ఉండదు. పరుగుండదు, కదలికే ఉండదు. నిలబడ్డచోటే, నాలుగు వైపుల నుంచి నొక్కుడుకు, ఛాతీ విచ్చుకోక ఊపిరి ఆగిపోతుంది. 2021 నవంబర్‌లో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్ ఫెస్టివల్‌లో చనిపోయిన పది మందికీ పోస్ట్‌మార్టంలో తేలిన కారణం అదే. కొచ్చి కుసాట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో 2023 నవంబర్ 25న వాన మొదలవగానే బయటివాళ్లంతా ఓపెన్ ఆడిటోరియం మెట్ల మీదికి ఒక్కసారిగా వచ్చారు, నలుగురు పోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. హ్యూస్టన్‌ది స్టేజి ముందు జరిగింది. కొచ్చి, బెంగళూరు, సిన్సినాటి మూడూ గేట్ల దగ్గరివే. మన దగ్గర షో అంటే బౌన్సర్లను స్టేజి ముందు గోడలా నిలబెడతారు. అక్కడ వాడే బారికేడ్ కూడా మంచిది, దాని అడుగు రేకు మీద జనమే నిలబడతారు కాబట్టి వాళ్ల బరువే దాన్ని పట్టుకుంటుంది. గేటు దగ్గరేమో ఎవరు తోసినా జరిగే రోడ్డు బారికేడ్లు, వాటి కాళ్లు బయటికి పొడుచుకొచ్చి కాళ్లకు తగులుతుంటాయి.

జనం ప్రమాదంలోకి వెళ్తున్నారని ఎలా తెలుస్తుంది? చదరపు మీటరులో నలుగురైదుగురు దాటితే జాగ్రత్తపడాలని, ఆరేడుగురైతే మనిషి తన కాళ్ల మీద తాను లేనట్టేనని పుస్తకాల్లో ఉంటుంది. గేటు దగ్గర నిలబడి చదరపు మీటర్లు ఎవరు కొలుస్తారు? నేను చూసేవి మూడు. చేతులు ఎక్కడున్నాయి: జనం చేతుల్ని ఛాతీ దగ్గరికి ముడుచుకుంటే చోటు కోసం పోరాడుతున్నారని. గడ్డాలు ఎటున్నాయి: ముఖాలు పైకెత్తి ఉంటే గాలి కోసమని. మూడోది చప్పుడు. ఈలలు, తిట్లు, నవ్వులు ఉన్నంతసేపు ఫర్వాలేదు. ముందు వరుసలు మౌనంగా మారి, వెనక మాత్రమే గోల వినిపిస్తుంటే టెన్షన్ పడాల్సింది అప్పుడే. అరవడానికి కూడా ఊపిరి కావాలి.

7:14కి నా రెండో లైను ముందు వరుసలు మౌనంగా ఉన్నాయి.

పసుపు కుర్తీ వేసుకున్న ఒకమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయి, బారికేడ్ పై కడ్డీకి పక్కటెముకలు ఆనుకుని ఉంది. ముఖం నా వైపే ఉంది గానీ నన్ను చూడటం లేదు. "అమ్మా, బాగున్నావా?" అన్నాను. పెదాలు కదిలాయి, మాట రాలేదు. నేను, హాస్పిటల్ డ్యూటీ ఆమె కలిసి చంకల కింద చేతులు వేసి పైకి లాగాం. మామూలుగా ఆ బరువు మనిషిని ఇద్దరం లేపగలం. లేవలేదు. ఆమె శరీరం చుట్టూ ఉన్న జనం పట్టులో ఉంది. జనం అల వెనక్కి తగ్గిన క్షణంలో లాగితే వచ్చింది, ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. కింద కూర్చోబెట్టాక రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని అప్పుడు ఏడ్చింది. ఏడుపు వినిపించాక నాకు కాళ్లలోకి బలం వచ్చింది.

తర్వాత చేసినవి వరుసగా చెప్తాను, కానీ ఆ వరుస అప్పుడు నా తలలో ఇంత శుభ్రంగా లేదు.

మెగాఫోన్ తీసుకుని బటన్ నొక్కితే పలకలేదు. సెల్స్ అయిపోయాయి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి గొంతుతోనే అరిచాను, మూడో వరుస దాటి వినిపించి ఉండదు. ముందువాళ్లకు చెప్పి లాభం కూడా లేదు, తోసేది వాళ్లు కాదు. తోక దగ్గర ఉన్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియదు. అందుకే వాకీటాకీలో మొదట పిలిచింది పార్కింగ్ పాయింట్‌ను. "గేట్ 2కి ఇంక ఒక్కరిని కూడా పంపొద్దు, రోడ్డు మీదే ఆపండి." అక్కడ బందోబస్తులో ఉన్న ఇన్‌స్పెక్టర్ గారు ఎందుకని అడగలేదు. తాడు అడ్డం కట్టించి కొత్తగా వచ్చేవాళ్లను గేట్ 3 వైపు మళ్లించారు. మా యూనిఫాంకు జనాన్ని ఆపే అధికారం చట్టంలో లేదు. జనానికీ ఆ సంగతి తెలుసు. ఖాకీ బట్టలు అయిదు నిమిషాల్లో చేసిన పనికి మాకు అరగంట పట్టేది.

రెండోది, లోపల బిరడా. అక్కడి బౌన్సర్లు అప్పటికే "జరగండి, జరగండి" అంటున్నారు. భార్య బయట ఇరుక్కుపోయి కనిపిస్తుంటే ఎవడు జరుగుతాడు? వాళ్లలో ఒక తమ్ముణ్ని పిలిచి చెప్పాను: "జరగమనకు. ఆ నీళ్ల ట్యాంకర్ చూపించు. మీవాళ్లు ఎవరొచ్చినా అక్కడికే పంపిస్తాం, అక్కడ నిలబడండి అని చెప్పు." ట్యాంకర్ మీద లైటు ఉంది, దూరం నుంచి కనిపిస్తుంది. రెండు మూడు నిమిషాల్లో సగం మంది వెళ్లిపోయారు. అంతసేపు కదలని జనం కదిలింది, నిలబడటానికి ఒక చోటు చూపించినందుకు.

మూడోది మనుషులు. టాయిలెట్ల దగ్గరి ఇద్దరినీ, వీఐపీ గేటు ఆమెనూ పిలిపించాను. నాతో కలిపి నలుగురం పెరిగాం. మగవాళ్ల లైన్లు రెండింటిని ఆడవాళ్లకు మార్చాం. వాటిలో ఒకదాన్ని బ్యాగు లేనివాళ్లకు వదిలేశాం. అది ఉరికింది. టాయిలెట్ల దగ్గర ఆ గంట ఎవరూ లేరు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

నాలుగోది అందరూ నన్ను తిట్టింది. ఆ నాలుగు లైన్లలోనూ అయిదు నిమిషాల పాటు చెకింగ్ ఆపించేశాను. చాటు గుడ్డ పైకెత్తి కట్టించాను. టికెట్ లేదు, బ్యాగు చూడటం లేదు, కళ్లతో చూసి పంపించడమే. 7:17 నుంచి 7:22. ఎంతమంది వెళ్లారో లెక్కలేదు. స్కానింగ్ వాళ్ల మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు, "మేడమ్, టికెట్ లేనివాళ్లు కూడా పోతున్నారు!" అని. పోయారు, నేనూ చూశాను. ఏదైనా పదునైన వస్తువు లోపలికి పోయి, దాంతో ఎవరికైనా గాయమై ఉంటే ఇదంతా ఇంకోలా రాయాల్సి వచ్చేది. ఆ రిస్క్ నాకు తెలిసే తీసుకున్నాను. ఒకటి ఇంకా జరగని ప్రమాదం, ఇంకోటి నా కళ్ల ముందు పసుపు కుర్తీలో ఉంది. అయితే ఆ నిర్ణయం తీసుకునే అధికారం నాకుందా అంటే, కాగితం మీద లేదు. కంట్రోల్ రూమ్‌ను అడగాలి. అడిగాను, "హోల్డ్ ఆన్" అన్నారు. హోల్డ్ చేయలేదు.

షోని పావుగంట ఆలస్యం చేయమని కూడా అడిగాను. కుదరదన్నారు, దానికి కారణం ఉంది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 తర్వాత బయట మైకులు మోగకూడదు. ఆలస్యమైతే మెయిన్ ఆర్టిస్ట్ పాటలు కోసుకోవాలి. కానీ ఒక మాట ఒప్పుకున్నారు: క్యూ తగ్గేదాకా సౌండ్‌చెక్ ఆపారు. అది చాలా పని చేసింది. చప్పుడు ఆగగానే వెనక నుంచి తోపు సగానికి పడిపోయింది.

7:30కి జనంలో మనిషికీ మనిషికీ మధ్య నేల కనిపించింది. ఫస్ట్ ఎయిడ్ టెంట్‌కు ముగ్గురిని పంపాం, ముగ్గురూ గంటలో లేచి పాటలు వినడానికి వెళ్లారు. నా ముంజేతికి బారికేడ్ కాలు గీరింది.

బయటికి పంపడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పదింటికి మైకు ఆగగానే అందరూ ఒకేసారి కదులుతారు, ఇది ప్రతి షోకూ ఉండేదే. లైన్ల బారికేడ్లన్నీ తొమ్మిదిన్నరకే తీసి పక్కన పెట్టించాం, నాలుగు గేట్లూ బార్లా తెరిచాం. నడక నెమ్మదిగా సాగింది, ఆటోల దగ్గర గొడవలు తప్ప ఏమీ లేదు.

మరుసటి రోజు రిపోర్టులో నేను రాసినవాటిలో మూడు మిగిలాయి. లైన్లు టికెట్ల అమ్మకం లెక్క చూసి పెట్టాలి, అలవాటు చూసి కాదు. కలిసి వచ్చినవాళ్లు కలిసే వెళ్లే లైను ఒకటుండాలి, స్కాన్ ఇద్దరికీ ఒకేసారి చేసి, ఆ తర్వాతే ఎడమకూ కుడికీ విడదీయాలి. గేటు నుంచి కనీసం ముప్పై అడుగుల దూరంలో, ఎత్తులో కనిపించే గుర్తుతో 'మీవాళ్ల కోసం ఇక్కడ ఆగండి' అనే చోటు ఉండాలి. నాలుగోది, గేటు ఇన్‌చార్జికి చెకింగ్ ఆపే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలన్నది, ఫైనల్ కాపీలో కనిపించలేదు. ఎవరు తీశారో అడగలేదు.

ఆరు నెలల తర్వాత అదే మైదానంలో ఇంకో షో. ఈసారి కొటేషన్ మీద లేడీ గార్డులు 20 అని ఉంది, గేట్ 2కి ఆడవాళ్ల లైన్లు నాలుగు. బ్రీఫింగ్‌లో నేను లేచి, మనిషికి ఎన్ని సెకన్లు, గంటకు ఎంతమంది, ఎనిమిదింటికి బయట ఎంతమంది మిగులుతారు అన్నది బోర్డు మీద రాసి చూపించాను. వరంగల్ అమ్మాయి కూడా వచ్చింది. బ్యాగ్ టేబుల్ దగ్గర కొత్తగా చేరిన ఇద్దరికి, టబ్బులో వేయకూడనివేవో చెప్తోంది: ఇన్సులిన్, ఇన్‌హేలర్, పాలసీసా. మెగాఫోన్ స్టోర్ నుంచి వచ్చింది, మళ్లీ సెల్స్ లేకుండానే. నాలుగు సెల్స్ నా బ్యాగులో ఉన్నాయి, పొద్దునే కిరాణా కొట్లో కొన్నాను.